థర్డ్ గేరులో పాత రింగు

కరోనా సద్దుమణిగాక వచ్చిన రెండో వానాకాలంలో వనపర్తి వర్క్‌షాపు నుంచి నన్ను గద్వాలకు డ్యూటీ మీద పంపారు. డ్యూటీ అంటే ఆర్డరు కాగితం, బస్సు భత్యం ఉంటాయని ఎవరైనా అనుకుంటే, వాళ్లు వర్క్‌షాపులో ఎన్నడూ పనిచేయలేదన్నమాట. మా ఉస్తాద్ బండి కిందినుంచి తల బయటపెట్టి, "గోపీ, సంచి పట్టుకొని గద్వాల పో. ఒకడు ఇంట్ల గేర్‌బాక్సు ఇప్పుకొని కూసున్నడంట," అని మళ్లీ లోపలికి జరిగిపోయాడు. ఆర్డరు అదే.

అప్పటికి నా హోదా గేర్‌బాక్సు మిస్త్రీ. మా పనిలో మెట్లు మూడే. హెల్పర్ పానాలు అందిస్తాడు, తిట్లు తింటాడు. మిస్త్రీ పని చేస్తాడు, తిట్లు తింటాడు. ఉస్తాద్ తిడతాడు. నేను రెండో మెట్టు మీద ఉండగానే వెన్నులో డిస్కు పక్కకు జరిగి, ముప్పై ఆరేళ్లకే విశ్రాంత జీవితంలోకి వచ్చాను. ఇప్పుడు మా ఊరు బిజినేపల్లిలో కరెంటు ఆటోలు అమ్మే దుకాణంలో కుర్చీ మీద కూర్చుంటాను. వాటికి గేర్లుండవు. కొనడానికి వచ్చినవాళ్లు అదే గొప్ప సంగతని మెచ్చుకుంటే తలూపుతాను. జీతం తలూపినందుకే.

మా వృత్తిలో ఒక కట్టుబాటు ఉంది. ఒకడు విప్పిన గేర్‌బాక్సును ఇంకొకడు ముట్టడు. కారణం మర్యాద కాదు, భయం. బాక్సు లోపల ఇనుప గోళీలు, స్ప్రింగులు, సూదుల్లాంటి రోలర్లు, అగ్గిపుల్లంత పిన్నులు ఉంటాయి. విప్పినవాడు వాటిలో ఏది పోగొట్టాడో బిగించేవాడికి తెలియదు. రేపు బండి ఆగితే మాత్రం బిగించినవాడి పేరే చెబుతారు. అందుకే గద్వాలలో అడిగిన ప్రతి మిస్త్రీ "ఇప్పినోణ్నే బిగియ్యమను" అని పంపేశాడట. మా ఉస్తాద్ ఒప్పుకున్నది ఒకే కారణానికి. ఆ బండి తిమ్మప్పది.

తిమ్మప్ప గద్వాలలో నేతపనివాళ్ల ఇంట్లో పుట్టి మగ్గం ఎక్కని మనిషి. తమ్ముడు ఈరన్న చీరలు నేసేవాడు. ఈయన ఆ చీరలను, వాటితోపాటు ఆ వాడకట్టు జనాన్ని, ఒక పాత డీజిల్ బండిలో తిప్పేవాడు. అది ఏడుగురు కూర్చునే బండి. తిమ్మప్ప ఏడు దగ్గర ఎన్నడూ ఆగలేదు. పెళ్లిచూపులకు, కాన్పులకు, బీచుపల్లి అంజన్న దర్శనానికి అందరూ అందులోనే పోయేవారు. ఏ చిన్న పనున్నా ఊళ్లో మిస్త్రీలను కాదని కృష్ణ దాటి మా ఉస్తాద్ దగ్గరికే వచ్చేవాడు. వచ్చి, మేం చేసిన పనిలో ఒక తప్పు చూపించి పోయేవాడు. ఉస్తాద్‌కు ఆయనంటే గౌరవం. మాకు ఆయన హారన్ వినపడితే చాయ్ తాగే పని గుర్తొచ్చేది.

ఆ వానాకాలం తిమ్మప్ప వనపర్తిలో దవాఖాన మంచం మీద ఉన్నాడు. కాలేయం పాడైంది. చాయ్ తప్ప ఇంకొకటి ముట్టని మనిషికి ఈ రోగమెట్లా వచ్చిందని చుట్టాలంతా ముక్కు మీద వేలేసుకున్నారు. ఆ సంగతి రోగానికి ఎవరూ చెప్పినట్టు లేదు. చేసేదంతా చేశామని, ఇక ఇంటికి తీసుకుపొమ్మని డాక్టర్లు చెప్పారు. తిమ్మప్ప సరేనన్నాడు గానీ అంబులెన్సు ఎక్కనన్నాడు.

"గా తెల్ల బండిల పోయినోడు తన కాళ్ల మీద దిగంగ నేనైతె సూడలే. నా బండి తీస్కరాండ్రి," అన్నాడట.

భార్య జయమ్మ బతిమాలింది. కిరాయి బండి మాట్లాడదామంటే, డ్రైవర్లు వచ్చి మనిషిని చూసి, ఏదో పని గుర్తొచ్చినట్టు వెళ్లిపోయారు. దారిలో ప్రాణం పోయిన బండి అన్న పేరు వస్తే మళ్లీ పెళ్లికి ఎవరూ పిలవరు. తిమ్మప్ప వాళ్లను తప్పుపట్టలేదు. తానైనా ఎక్కించుకోనన్నాడు.

ఇంతకీ ఆయన బండి గద్వాలలో, తమ్ముడి మగ్గం గదిలో, ముక్కలుగా ఉంది. ఆ సంగతి ఆయనకు తెలియదు.

ఈరన్న నన్ను చూడగానే చేతులు పట్టుకున్నాడు. నలభై దాటిన మనిషి, సన్నటి వేళ్లు, రెండు రోజులుగా నిద్రలేని కళ్లు. అన్న దవాఖాన నుంచి వచ్చేలోపు బండి బాగుచేసి పెడదామని ఫోనులో వీడియో చూస్తూ గేర్‌బాక్సు కిందికి దింపాడట. ఆ వీడియోలో దింపడం, విప్పడం మాత్రమే ఉన్నాయి. బిగించడం రెండో భాగంలో చూపిస్తానన్నాడట చెప్పేవాడు. రెండో భాగం ఇంకా రాలేదు.

"మొత్తం ఇప్పినవా?" అని అడిగాను.

"మొత్తం ఇప్పిన మిస్త్రీ. ఒక్కటి ఇడ్వలే," అన్నాడు. గొంతులో కొంత గర్వం కూడా వినపడింది.

గదిలోకి పోయి చూశాను. పాత చీర పరిచి దాని మీద సామాను వరసగా పేర్చి ఉంది. ఒక షాఫ్ట్ మీది నుంచి తీసినవన్నీ ఒకే రంగు దారానికి, తీసిన వరసలోనే గుచ్చి ముడివేశాడు. ఎర్రదారం మెయిన్ షాఫ్ట్, పచ్చదారం దాని కింద తిరిగే షాఫ్ట్, నీలిదారం గేరు మార్చే కొంకులు. గోళీలు చిన్న గుడ్డమూటలో ఉన్నాయి. ఒక్కటి పోలేదు. మా వర్క్‌షాపులో ఇంత శుభ్రంగా విప్పినవాణ్ణి నేను చూడలేదు. ఇంత శుభ్రంగా విప్పి, ఒక్క ముక్క బిగించడం రానివాణ్ణి కూడా చూడలేదు.

"అన్న ఇంట్లకే రావాలె మిస్త్రీ," అన్నాడు ఈరన్న. "బైట పానం పోతె గడప దాటనియ్యరు. అరుగు మీదనే పండవెట్టి అటుకెల్లి అటే తీస్కపోతరు. ఊరోళ్లందర్నీ ఇండ్లకు తెచ్చినోడు, ఆయన్ను ఇంట్ల కాలు వెట్టనియ్యకుంటె ఎట్ల?"

పని ఎంతలోపు కావాలో నేను అడగలేదు. అడిగితే చెప్పగలిగేవాళ్లు ఎవరూ లేరు.

ఆ గదిలో రెండు గుంత మగ్గాలున్నాయి. నేలలో గుంత తవ్వి, అందులోకి కాళ్లు వేలాడేసి, నేలమట్టానికి కూర్చొని నేసే మగ్గాలు. ఒకదాని మీద సగం చీర ఉంది. దానికి రెండు దుప్పట్లు కప్పి ఈరన్న నాకు మొదటి హెచ్చరిక చేశాడు: "గ్రీసు చెయ్యి గటు దిక్కు పోనియ్యకు మిస్త్రీ. పట్టు." రెండో మగ్గానికి చట్టం తీసేశారు, గుంత ఖాళీగా ఉంది. నేను అందులోకి కాళ్లు వదిలి కూర్చొని, ముందు పీట వేసి, దాని మీద బాక్సు పెట్టుకున్నాను. నడుము నొప్పి లేకుండా గేర్‌బాక్సు పని చేసింది నా సర్వీసులో ఆ ఒక్కసారే. వర్క్‌షాపులన్నిటిలో గుంత మగ్గాలు పెట్టించి ఉంటే నేను ఇంకా పనిలోనే ఉండేవాణ్ణి.

గేర్‌బాక్సు గురించి కొంచెం చెప్పాలి. లోపల పళ్లచక్రాలు జంటలు జంటలుగా ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి. గేరు వేయడమంటే వాటిలో ఒక జంటను షాఫ్ట్‌కు తగిలించడం. చక్రం ఒక వేగంతో, షాఫ్ట్ ఇంకో వేగంతో తిరుగుతుంటాయి కాబట్టి ఊరికే తగిలిస్తే పళ్లు కొట్టుకుంటాయి. ఆ రెండింటి మధ్య ఒక ఇత్తడి రింగు ఉంటుంది. అది చక్రం మెడను ముందుగా పట్టుకొని, రెండింటి వేగం ఒకటి చేసి, తర్వాతే గేరు పడనిస్తుంది. రింగు లోపలి సన్నటి గాట్లు అరిగితే పట్టు పోతుంది. అప్పుడు గేరు వేసినప్పుడల్లా గర్ర్‌మంటుంది. దాన్ని పరీక్షించడం తేలిక. రింగును చక్రం మెడ మీద వేలితో నొక్కి తిప్పాలి. పట్టుకుంటే మంచిది, జారితే పనికిరాదు. తిమ్మప్ప బండిలో థర్డ్ గేరు రింగు సబ్బు రాసినట్టు జారింది. తక్కినవి కూడా అంతంతమాత్రమే. రింగుల సెట్టంతా మార్చాలని ఉస్తాద్‌కు ఫోను చేశాను. కొత్త సెట్టు బస్సులో పంపుతానన్నాడు.

ఆ బస్సు వచ్చేలోపు జయమ్మ ఫోను చేసింది. నేను వచ్చానని విని తిమ్మప్ప ఫోను అడిగాడట. అంటే బండి సంగతి ఆయనకు తెలిసిపోయింది.

"ఎవరు, గోపిగాడా? ఉస్తాద్ రాలేదా?"

"రాలేదన్నా. నన్నే పంపిండు."

"గట్లనా. నేను ఇంటికి పోవొద్దని గట్టిగనే అనుకున్నట్టున్నడు."

అవతల కాసేపు ఊపిరి మాత్రమే వినపడింది.

"థర్డ్ ఎట్లుంది?"

"రింగు అరిగిందన్నా. మారుస్తున్న."

"జర మంచిగ సూడు. నేను మూల్గుకుంట వస్త గని, బండి మూల్గొద్దు."

ఫోను పెట్టేశాక ఈరన్న సగం చీర ఉన్న మగ్గం దగ్గర కూర్చొని దుప్పటి ఒక పక్క తీశాడు. చీర పొడవునా సాగే దారాలను పడుగు అంటారు. పాత పడుగు అయిపోవచ్చింది, కొత్తది ఎక్కించాలి. ఆయన పాత పోగు కొస పట్టుకొని, కొత్త పోగు కొస దానికి ఆనించి, బొటనవేలితో ఒక్కసారి మెలిపెట్టి, పక్కదానికి పోతున్నాడు. వేల పోగులు. అన్న చావుబతుకుల మధ్య ఉన్నప్పుడు ఈ పనేమిటని అడగబోయి ఊరుకున్నాను. ఆయన చేతులు వణకకుండా ఉన్నది ఆ ఒక్క పని చేసేటప్పుడే.

"పాతది కోసి పారేసి, మొత్తం కొత్తదే ఎక్కిస్తె తొందరగ కాదా?" అని అడిగాను.

ఈరన్న నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. "పాత పోగు లేకుంటె కొత్తదానికి తొవ్వ ఎట్ల తెలుస్తది మిస్త్రీ? నడిశే మగ్గాన్ని ఎన్నడూ ఉత్తగ ఇడ్వొద్దు. మా తాత కాలంల ఎక్కిన పడుగుకే అతుక్కుంట వస్తున్నం."

అప్పుడు తల ఊపి నా పని నేను చూసుకున్నాను. ఆ మాట ఎంత దూరం పోతుందో నాకేం తెలుసు.

రింగుల సెట్టు వచ్చింది. ఒక్కో కొత్త రింగును చక్రం మీద నొక్కి చూసి, మధ్య సందు కొలిచి, అన్నీ బాగున్నాయని వరసగా పెట్టాను. సెకండ్ గేరు దాకా బిగించాను. అక్కడ గేరు ఆయిలు, జాయింటుకు రాసే పేస్టు లేవని తేలింది. వీడియోలో వాటి సంగతి చెప్పలేదట. నేను బజారుకు పోతూ, "ఏదీ ముట్టకు," అని ఈరన్నకు చెప్పాను. ఎవరికైనా ఏదైనా ముట్టకు అని చెప్పి బయటికి పోతే ఏమవుతుందో లోకానికంతా తెలుసు.

వచ్చేసరికి థర్డ్ గేరు చక్రం, దాని రింగు, వాటి మీద గేరు మార్చే హబ్బు కూర్చొని, పైన అవి ఊడకుండా పట్టే లాకు కూడా పడి ఉంది.

"సెకండ్‌కు నువ్వెట్ల వెడ్తివో గట్లనే వెట్టిన," అన్నాడు ఈరన్న.

తిప్పి చూశాను, జరిపి చూశాను. అన్నీ సరిగ్గానే కదిలాయి. హబ్బు కింద రింగు అంచు మాత్రమే కనపడుతుంది. అది తళతళ మెరుస్తోంది. మెచ్చుకున్నాను కూడా. మర్నాడు పొద్దున వాడకట్టులో నలుగురు నేతగాళ్లు బండి కింద దూరి, మగ్గం పలక మీద గేర్‌బాక్సును ఎత్తి పట్టుకుంటే నేను బోల్టులు బిగించాను. జాకీలు లేనిచోట మనుషులే జాకీలు. ఎవరి వేళ్లూ నలగలేదు. ఆ వాడలో వేళ్లు నలిగితే పొయ్యి ఆరిపోతుందని వాళ్లకు తెలుసు, అందుకే నాకంటే జాగ్రత్తగా పట్టుకున్నారు.

అయిజ రోడ్డు మీద బండి తోలి చూశాను. పక్కన ఈరన్న. ఫస్ట్ పడింది, సెకండ్ వెన్నలా పడింది. థర్డ్ వేశాను. గర్ర్.

మళ్లీ వేశాను. గర్ర్.

బండి పక్కకు ఆపి, చేసిన ప్రతి పనినీ మనసులో మొదటినుంచి విప్పుకుంటూ వచ్చాను. కొత్త రింగు, కొలిచిన సందు. గర్ర్ ఎందుకనాలి? అప్పుడు ఈరన్న అంగీ జేబులోంచి ఒక రింగు తీసి నా ముందు పెట్టాడు. అది కొత్తది. థర్డ్ గేరుది.

"లోపల ఉన్నదేంది మరి?" అన్నాను.

"అన్నదే," అన్నాడు. "అన్నీ కొత్తవే ఏస్తె ఎట్లని... ఒక్కటన్న పాతది ఉండాలె గద మిస్త్రీ. చింతపండు వెట్టి రుద్దిన. కొత్తదాని లెక్కనే అయింది."

దేవుడి గది చెంబులను తోమినట్టు తోమి పెట్టాడు. ఇత్తడి మెరిసింది, గాట్లు మాత్రం తిరిగి మొలవలేదు. పాత పోగు కొత్త పోగుకు దారి చూపిస్తుంది. పాత రింగు ఎవరికీ ఏమీ చూపించదు, జారిపోతుంది అంతే. ఈ తేడాను నేను ఈరన్నకు వివరించిన భాష అచ్చులో వేసేది కాదు. ఆయన తల వంచుకొని అంతా విన్నాడు. చివరికి, "ఇప్పుడు ఇప్పుదమా?" అన్నాడు.

విప్పాలంటే బాక్సు మళ్లీ కిందికి దింపాలి. మళ్లీ గుంత, మళ్లీ పీట, మళ్లీ నలుగురు మనుషులు. రేపటికి గానీ కాదు. వృత్తి ధర్మం ప్రకారం విప్పాల్సిందే. లోపం తెలిసీ బండిని డెలివరీ ఇవ్వకూడదు. నేను విప్పుదామనే అన్నాను. బండి వెనక్కి తిప్పుతుండగా జయమ్మ ఫోను వచ్చింది.

"ఈరన్నా, ఏడున్నరు? ఊపిరి ఒక తీరుగ లేదు. డాక్టరమ్మ ఇప్పుడే తీస్కపొమ్మంటుంది. ఇగ ఆలిశం చెయ్యొద్దంటుంది."

వృత్తి ధర్మాన్ని పక్కన పెట్టాం. థర్డ్ ముట్టకుండా సెకండ్ నుంచి నేరుగా ఫోర్త్‌కు మార్చాలని, బండి కొంచెం ఏడ్చినా పళ్లు విరగవని ఈరన్నకు చెప్పాను. వనపర్తిదాకా నేనే తోలాను, వచ్చేటప్పుడూ నేనే తోలుతానన్నాను. దవాఖాన దగ్గర తిమ్మప్ప ఒప్పుకోలేదు.

"మిస్త్రీలకు ఇప్పుడు, బిగించుడు వస్తది గని నడ్పుడు రాదు. ఈరిగాడే నడ్పాలె," అన్నాడు.

మనిషి సగమైపోయాడు. కళ్లు పసుపు ముద్దలు. కడుపు మాత్రం ఉబ్బి ఉంది. మధ్య సీటులో జయమ్మ ఒడిలో తల పెట్టి పడుకోబెట్టాం. బండి తలుపు వేసిన చప్పుడు విని, "గ్రీసు వెట్టిండ్రు," అన్నాడు. తిమ్మప్ప నోట మెచ్చుకోలు నేను విన్నది ఆ ఒక్కసారే. నిజానికి ఆ తలుపును నేను ముట్టనే లేదు.

వనపర్తి దాటేదాకా బాగానే ఉంది. సెకండ్, ఫోర్త్, సెకండ్, ఫోర్త్. పెబ్బేరు దగ్గర వెనకనుంచి గొంతు వచ్చింది.

"ఈరిగా. దుంకుతున్నవేందిరా? థర్డ్ ఏడ పోయింది?"

ఈరన్న నావైపు చూశాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

"ఎయ్‌రా థర్డ్," అన్నాడు తిమ్మప్ప.

వేశాడు. గర్ర్.

"క్లచ్ మొత్తం దొక్కురా. బండి నీ అయ్యదా?"

మళ్లీ వేశాడు. మళ్లీ గర్ర్. ఈసారి తిమ్మప్ప ఊపిరి పట్టుకొని, ముక్కలు ముక్కలుగా అన్నాడు: "రింగు... మార్చలే."

ఈరన్న నోరు తెరిచి చెప్పేశాడు. "నీదే ఉంచిన అన్నా. థర్డ్‌ది ఒక్కటి. అన్నీ కొత్తవయితె నీది అనెటిది ఏమున్నది మరి బండ్ల?"

"అరిగినదాన్ని ఉంచుతవార, ఎడ్డోడా!" అన్నాడు తిమ్మప్ప. తర్వాత ఏదో చప్పుడు చేశాడు. ఆయన నవ్వాడని జయమ్మ ఇప్పటికీ చెబుతుంది. నాకైతే దగ్గులాగే వినపడింది.

అప్పటినుంచి ఆయన ఊరుకోలేదు. స్పీడ్ బ్రేకరు వచ్చినా, లారీ అడ్డమొచ్చినా, "థర్డ్" అనేవాడు. ఈరన్న వేసేవాడు, అది గర్ర్‌మనేది, ఆయన తిట్టేవాడు. తిట్లు ఒక్కొక్కటీ చిన్నవవుతూ వచ్చాయి. మొదట తమ్ముణ్ణి తిట్టాడు, తర్వాత నన్ను, ఆ తర్వాత మా ఉస్తాద్‌ను. ఆఖరికి ఉత్త "థూ" మాత్రమే మిగిలింది. ఉస్తాద్‌ను తిట్టింది మాత్రం అన్యాయం. ఆయన రింగులు సరిగ్గానే పంపాడు.

కృష్ణ మీది వంతెన ఎక్కగానే జయమ్మ కొంగు ముడి విప్పి ఒక రూపాయి బిళ్ల తీసింది. నది దాటేటప్పుడు బిళ్ల వేయకుండా తిమ్మప్ప ఎప్పుడూ పోలేదట. బిళ్లను ఆయన చేతిలో పెట్టి, ఆ చేతిని తన చేతితో పట్టుకొని కిటికీలోంచి విసిరింది. "పడ్డదా?" అన్నాడాయన. "పడ్డది," అంది జయమ్మ. పక్క అద్దంలో నాకు కనపడింది. బిళ్ల వంతెన గోడకు తగిలి రోడ్డు మీదికే దొర్లింది. నన్నెవరూ అడగలేదు.

బీచుపల్లి గుడి వెనక్కి పోయింది. ఎర్రవల్లి దగ్గర హైవే వదిలి గద్వాల రోడ్డుకు తిరగాలి. ఈరన్న వేగం తగ్గించి, మలుపులో థర్డ్ వేశాడు. గర్ర్.

తిట్టు కోసం ఇద్దరం ఎదురుచూశాం.

మలుపు తిరిగాక ఈరన్న ఫోర్త్‌కు వచ్చాడు. రోడ్డు ఖాళీగా ఉంది, వేగం తగ్గించే అవసరమేమీ లేదు. అయినా తగ్గించి మళ్లీ థర్డ్ వేశాడు. గర్ర్. ఈసారి క్లచ్ సగమే తొక్కాడు, శబ్దం ఇంకా గట్టిగా వచ్చింది. ఆ మాత్రానికి తిమ్మప్ప మంచం మీదినుంచైనా లేచి వచ్చేవాడు.

వెనకనుంచి ఏమీ రాలేదు.

ఈరన్న వెనక్కి తిరగలేదు. చేయి చాచి, నడిమి అద్దాన్ని బండి కప్పు వైపు తిప్పేశాడు. నేనూ తిరగలేదు. కాసేపటికి జయమ్మ గొంతు మామూలుగానే వచ్చింది. "మెల్లగ పోనీ ఈరన్నా. పండిండు."

"మంచిది వదినె," అన్నాడు ఈరన్న. ఫోర్త్‌లో వేసి, ఇంటిదాకా ఇంక థర్డ్ ముట్టలేదు.

ఇంటి ముందు వాడకట్టంతా నిలబడి ఉంది. జయమ్మ బండి దిగకముందే, అందరికీ వినపడేటట్టు, "లే, ఇల్లొచ్చింది. ఇంట్లకు పోదం," అని మొగుడితో అంది. ఈరన్న భుజాల కింద, నేను మోకాళ్ల కింద చేతులు వేసి ఎత్తాం. గడప దాటించాం. ఇంట్లో పెద్ద గది మగ్గం గదే కాబట్టి అక్కడే, ఖాళీ గుంత పక్కన, చాప మీద పడుకోబెట్టాం. గదిలో ఇంకా గేరు ఆయిలు వాసన వస్తోంది. జయమ్మ నోట్లో నీళ్లు పోసింది. నీళ్లు పక్కకు కారిపోయాయి. అప్పుడు ఏడ్చింది. అప్పటిదాకా ఎలా ఆపుకుందో నాకు తెలియదు. ఎర్రవల్లి నుంచి గద్వాలకు దగ్గరేమీ కాదు.

వాడకట్టు పెద్దమనిషి ఒకాయన నన్ను పక్కకు పిలిచాడు. బయటి మనిషిని కదా, నిజం చెబుతాననుకున్నట్టుంది.

"ఇంట్లకొచ్చినంకనే పోయిండు గద తమ్మీ?"

"ఇంట్లకొచ్చినంకనే పెద్దాయనా. కాళ్లు నేనే పట్టుకొని ఉంటి," అన్నాను.

అబద్ధం చెప్పడం మా వృత్తిలో కొత్త కాదు. బండి రేపు ఇస్తామని రోజూ చెప్పేవాళ్లం. ఆయన నా ముఖం చూసి, తల ఊపి, లోపలివాళ్లకు చెప్పడానికి పోయాడు. నమ్మాడో, నమ్మితే మంచిదనుకున్నాడో నేను అడగలేదు. తిమ్మప్పను ఇంట్లోనే కడిగారు, ఇంట్లోంచే ఎత్తారు.

కర్మలన్నీ అయ్యాక నేను మళ్లీ గద్వాల పోయి బాక్సు దింపి, థర్డ్ రింగు మార్చాను. ఈరన్న పక్కనే కూర్చున్నాడు గానీ దేన్నీ ముట్టలేదు. పాత రింగు తనకు కావాలన్నాడు. అన్న గుర్తుగా దాచుకుంటాడనుకొని, గుడ్డతో తుడిచి రెండు చేతులా ఇచ్చాను. ఆ తర్వాతెప్పుడో చీర కొనడానికి పోయి చూస్తే, మగ్గం గుంజ ఒకటి వదులైతే దాని కింద వాషరులా వేసి ఉంది. సరిగ్గా సరిపోయిందన్నాడు.

అప్పుడే ఇంకో సంగతి కూడా చెప్పాడు. కొత్త రింగు వేశాక థర్డ్ చప్పుడు లేకుండా పడుతోందట. మలుపుల్లో అదే ఇబ్బందిగా ఉందన్నాడు. గేరు పడిందో లేదో తెలియడం లేదట. పడిందని నేను చెప్పాను.

ఈ ఉద్యోగం నాకు నేర్పింది రాస్తున్నాను, పనికొచ్చేవాళ్లకు పనికొస్తుంది. పని మధ్యలో లేచి పోయి వస్తే, తిరిగి వచ్చాక లాకు పడి ఉన్నదంతా మళ్లీ విప్పి చూడాలి. రింగులు మారిస్తే సెట్టంతా మార్చాలి. ఒక్కటి పాతది ఉంచితే శబ్దం వస్తుంది. ఆ శబ్దం తెలిసిన మనిషి బండిలో ఉంటే తిడతాడు. లేకపోతే తిట్టడు.